మరువం నూనె తీసిన మా అత్త

మా అత్త పోయిన కబురు నాకు మరువం మడిలో, కోత మధ్యలో తెలిసింది. తమ్ముణ్ని చూసి వస్తానని ఆ వారమే పుట్టింటికి వెళ్లింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. మా ఆయన సెల్‌ఫోను చేతిలో పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకుంటూ వస్తుంటే ఏదో సంతోషం కబురే అనుకున్నాను. మా ఇంట్లో పరుగెత్తుకొచ్చి చెప్పేవి ఎప్పుడూ సంతోషం కబుర్లే. అది ఆమె పెట్టిన అలవాటు.

“అమ్మ పోయిందంట,” అన్నాడు.

కొడవలి చేతిలోంచి జారింది. కోతకు వచ్చిన ఆడవాళ్లు వరసల్లో ఎక్కడివాళ్లక్కడ లేచి నిలబడ్డారు. కోసిన ఆకు అప్పటికే ఎండ తగిలి వాడుతోంది. నేను ఏడుస్తూనే, “ముందు ఆకు నీడకు చేర్చండమ్మా,” అన్నాను. ఎవరూ నన్ను వింతగా చూడలేదు. కొంగులతో కళ్లు తుడుచుకుంటూ మోపులు ఎత్తుకున్నారు. కొట్టంలో ఆకంతా పలచగా పరిచిన తర్వాతే మేం బయలుదేరాం.

ఆ దుఃఖం ఇంకా ఉంది. అయినా మా అత్తను తలుచుకుంటే ముందు నా కాళ్లలో హుషారు పుడుతుంది. ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. ఆమెతో బతికినవాళ్లకు ఇది తెలుసు. తెలియని మీ కోసం రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను నల్లమాడ వైపు నుంచి కుందుర్పి దగ్గరి ఈ పల్లెకు కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో శెనక్కాయ తప్ప మరో పంట లేదు. మరువం అంటే నాకు పూలదండలో కనకాంబరాల మధ్య కనబడే పచ్చని ఆకు, అంతే. కాపురానికి వచ్చిన తెల్లవారి, కాఫీ గ్లాసు ఇంకా పెదాలకు తగలకముందే, అత్త నా మణికట్టు పట్టుకుంది.

“రా రా రా! కాఫీ మళ్ల తాగుదువుగానీ.”

“ఏమైంది అత్తా?”

“చిగురేసింది! నిన్న మోడులు ఉన్నెట్లే ఉండె. ఇయ్యాల చూడు, రా!”

ఇంటి వెనక చిన్న మడి. ఎర్రమట్టిలో, నీళ్లు నిలవకుండా కాస్త వాలుగా చేసిన మడి. కోసిన మొక్కల మోడుల మీద ఆవగింజంత చిగుళ్లు. వాటికోసం నన్ను కొత్త చీరతో బురదలో దించింది. ఒక చిగురు తుంచి నా అరచేతిలో నలిపి, చేతిని నా ముక్కుకే అదిమింది. “ఎట్లుండాది? చెప్పు, ఎట్లుండాది?” అని నేను ఊపిరి పీల్చేలోపే రెండుసార్లు అడిగింది. ఇంత చిన్నదానికి ఇంత సంబరపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆమెకు ప్రతిదాన్నీ వాసన చూసే అలవాటు ఉండేది. పెరికిన శెనక్కాయ చెట్టు, తడిసిన మట్టి, ఉతికిన దుప్పటి, పసిబిడ్డ నడినెత్తి, ఏదైనా సరే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. తర్వాత చుట్టుపక్కల ఎవరున్నా పిలిచేది. “రాండి రాండి, చూడండి!” ఆ పిలుపుకు పొయ్యి మీద సంగటి వదిలేసి పరుగెత్తిన రోజులు ఉన్నాయి. వెళ్లి చూస్తే ఆమె చూపించేది ఒక మొగ్గో, ఒక వానపామో అయి ఉండేది.

మరువం సాగు నేను ఆమె వెనక తిరుగుతూ నేర్చుకున్నాను. వానలు వెనకబట్టి, చలి మొదలయ్యే ముందు లేత కొమ్మలు తుంచి నాటేది. అంతకుముందే ఎరువు కోసం మడిలో గొర్రెల మంద కట్టించేది. కలుపు చేత్తోనే తీయాలి, వేరు కదలకూడదు. కోతకు వచ్చినవాళ్లతో ఆమె మాట ఒకటే: “తల గొరగండి, గొంతు కోయొద్దండి.” బెత్తెడు మోడు వదిలి పైన కోస్తే మొక్క మళ్లీ గుబురు కడుతుంది. మొదలంటా కోస్తే పోతుంది. కొడవలి కాస్త కిందికి దిగితే చాలు, ఆమె మడి అవతల నుంచి కేక పెట్టేది.

ఆకును కట్టలు కట్టి, తడి గుడ్డ చుట్టి, బస్సులో కళ్యాణదుర్గం పూల అంగళ్లకు పంపేవాళ్లం. పెళ్లిళ్లు ఉన్నంతకాలం బాగానే పోయేది. అయితే పుష్యమాసం వచ్చేసరికి మరువం ఏపుగా ఉంటుంది, పెళ్లిళ్లు ఉండవు. నేను వచ్చిన ఏడాది ఆ నెలలో అత్తా నేనూ మోసుకెళ్లిన కట్టలన్నీ అంగళ్లవాళ్లు వద్దన్నారు. వాటినే మళ్లీ షేర్ ఆటోలో వేసుకుని తిరిగి వస్తున్నాం. నా మొహం వాడిపోయింది. అత్త మాత్రం పక్కన కూర్చున్న ముసలి సాయిబును గమనిస్తోంది. ఆయన కట్టల వైపు వంగి మళ్లీ మళ్లీ ఊపిరి పీలుస్తున్నాడు.

“ఏం సాయిబన్నా, అంత బాగుండాదా?” అంది.

ఆయన అత్తర్లు అమ్మే మనిషి. సరిహద్దు దాటి కన్నడ ఊళ్లలో దవనం నూనె కొనడానికి పోతున్నాడు. “దీంట్లో నూనె ఉంటాదక్కా,” అన్నాడు. “దవనానికి తీసినట్లే ఆవిరి పట్టి తీస్తారు. శానా కొంచెం వస్తాది. వచ్చింది మాత్రం అసలు సరుకు.”

అంతే. అత్త మా ఊరి దగ్గర ఆటో దిగలేదు. నన్నూ దిగనివ్వలేదు. కట్టలతో సహా సాయిబు వెంట దవనం ఊరికి వెళ్లి, అక్కడి బట్టీ చుట్టూ తిరిగి, మూత పట్టుకుని, గొట్టం తడిమి, ఆ రైతును అడగాల్సినవన్నీ అడిగింది. పొద్దు వాలేముందు ఇల్లు చేరాం. వాకిట్లో నిలబడి ఉన్న మామను చూసి, ఎక్కడికి పోయామో కూడా చెప్పకుండా, “మనం గూడ నూనె తీస్తాం!” అంది.

మామ నెమ్మది మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఆయన దిగులు వేరే ఉంది. ఇంటి ముందు మూడేళ్లుగా కడుపున పెట్టుకుని సాకిన చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు ఉన్నాయి. ఉన్నది ఒక్క బోరు. ఆ ఏడు అది నీళ్ల మధ్యలో గాలి కక్కడం మొదలుపెట్టింది. చీనీ పాదులకూ మరువం మడికీ రెండింటికీ చాలడం లేదు.

“ఈ కోతతో సరి,” అన్నాడు. “తర్వాత మడి దున్నేస్తా. చెట్లు ఎండిపోతాండాయి, కండ్లతో చూడలేకుండా ఉండా.”

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అత్త కూడా కాదనలేదు. “సరే. ఈ కోతలో నూనె రాకుంటే నేనే మడక పట్టిస్తా. వస్తే మాత్రం నువ్వు దున్నగూడదు,” అంది. ఆయన తల ఊపాడు.

కళ్యాణదుర్గంలో వెల్డింగు చేసే అతను మాకు ఒక పెద్ద రాగి హండాకు మూత బిగించి, మూతకు గొట్టం అతికి ఇచ్చాడు. గొట్టం వంకర తిరిగి చన్నీళ్ల తొట్టిలోంచి పోయి, అవతల గాజు సీసాలో దిగుతుంది. మడిలో సగం కోశాం. ఆకు, నీళ్లు హండాలో పోసి, మూత అంచుల్లో రాగిపిండి ముద్ద మెత్తి, కింద మంట పెట్టాం. ఊళ్లో కబురు ఎలా పాకిందో ఏమో, మాకు మంద కట్టే గొర్రెల పెద్దాయన గ్లాసు తెచ్చుకుని మరీ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

“గ్లాసు ఎందుకు మామా?” అన్నాను.

“ఏమమ్మా, దిగేదాకా ఉంటాలే. తొందరేం లేదు,” అన్నాడు.

సారా కాస్తున్నామనుకున్నాడని అర్థమై అత్త నవ్వు ఆపుకోలేక తొట్టి పట్టుకుని వంగిపోయింది. ఆ నవ్వులో ఉండగానే మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమంది. “పిండి! పిండి!” అని అత్త అరిచింది. నేను ముద్ద తెచ్చి అదిమాను. ఆయన కూడా గ్లాసు పారేసి ఇంకో వైపు అదిమాడు. అప్పుడు గొట్టం చివర ఒక చుక్క వేలాడి సీసాలో పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత సన్నని ధార. సీసా సగం నిండేసరికి నీళ్ల మీద లేత పసుపు రంగులో పలచని పొర తేలింది.

అత్త సీసాను ఎండకు ఎత్తి పట్టుకుంది. “తేలింది! చూడవే, నూనె పైన తేలింది!” అని సీసాతో సహా గంతులు వేస్తుంటే నేను వెనకే చేతులు చాపుకుని తిరిగాను, ఎక్కడ జారవిడుస్తుందోనని. గొర్రెల పెద్దాయన మోచేతికి ఒక చుక్క రాసింది. ఆయన వాసన చూసి, “తాగేది కాదా?” అని నిరాశగా అడిగాడు. కాసేపటికి మళ్లీ మోచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. లేచి మందలోకి పోయేదాకా అలా చూసుకుంటూనే ఉన్నాడు.

నూనె తీస్తే చూడటానికి వస్తానని ఆ రోజు చెప్పినట్టే అత్తరు సాయిబు వచ్చాడు. చుక్క వేలికి రాసుకుని చూశాడు. ఆయన నుదురు ముడిపడింది.

“మాడు వాసన ఉండాదక్కా. ఆకు అడుగంటినట్లుండాది. ఇంకోటి, మొగ్గ మీద కోసినారు. పూలు కొన్ని విచ్చుకోనీండి. అట్లని గింజ పట్టేదాకా ఉంచొద్దు. ఇది నేను ఎత్తుకోలేను.”

నేను తల దించుకున్నాను. మామ గట్టు మీదినుంచి లేచాడు. అత్త మాత్రం సాయిబుకు మరింత దగ్గరగా జరిగి, “అంటే మన ఆకులో నూనె ఉండేది నిజమే గదా?” అని అడిగింది.

“ఉండాది. అది నిజమే.”

“అయితే ఇంక బాగ చేసుకునేదే మిగిలింది!” అని మా ఇద్దరి వైపు తిరిగి, ఏదో గెలిచినదానిలా నవ్వింది. తర్వాత నా బతుకులో ఎన్నో పనులు మొదటిసారి చెడిపోయాయి. ప్రతిసారీ ఈ మాటే నాకు చెవిలో వినబడింది.

సాయిబు వెళ్లాక మేమిద్దరం హండా ముందు కూర్చున్నాం. అడుగున నల్లగా అతుక్కున్న ఆకును గీకుతూ నేను, “నీళ్లల్లో వేసి ఉడకబెడితిమి గదా అత్తా. కుడుములైతే అట్ల చెయ్యం గదా,” అన్నాను. ఆమె గీకడం ఆపి నన్ను చూసింది. చవితినాడు కుండలో నీళ్లు పోసి, పైన గడ్డి పరిచి, దానిమీద కుడుములు పెడతాం. నీళ్లు తగలవు. ఆవిరే తగులుతుంది. “ఆవిరి మీద!” అని నా రెండు భుజాలు పట్టుకుని ఊపేసింది. అప్పటికప్పుడు హండా ఎత్తుకుని వెల్డింగు అతని దగ్గరికి బయలుదేరింది. లోపల సగం ఎత్తులో చిల్లుల పళ్లెం కుదిరేలా చేయించుకుని వచ్చింది.

ఇక మిగిలిన సగం మడిలో పూలు విచ్చాలి. అందుకు ఇంకొన్నాళ్లు నిలపాలి. నీళ్లు చూస్తే లేవు. మామ రోజూ చీనీ చెట్ల కింద నిలబడి ముడుచుకున్న ఆకులను తిప్పి చూస్తున్నాడు. ఆ చూపు మాకు మాటకన్నా ఎక్కువగా తగిలేది.

ఒక ఉదయం అత్త మళ్లీ కేక పెట్టింది. “రాండి రాండి!” మేం ముగ్గురం వెళ్లాం. మామనూ, మా ఆయననూ, నన్నూ వరసగా నిలబెట్టి కళ్లు మూసుకోమంది. ఒక్కొక్కరికీ ఒక అరచేతిలో ఒక ఆకు, రెండో అరచేతిలో ఇంకో ఆకు నలిపింది.

“ఏ వాసన గట్టిగా ఉండాది?”

ముగ్గురం ఒకే చెయ్యి చూపించాం. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. “అది మడి కొసది! కాలవ నీళ్లు సరిగా పారని తావు. ఆకు చిన్నది, వాసన మాత్రం చూడు! నీళ్లు తాగి తాగి ఈ పక్కది మెత్తబడింది.” తర్వాత మామ వైపు తిరిగింది. “ఏమయ్యా, ఇంక కోసేదాకా దీనికి నీళ్లు అక్కర లేదు. ఉండే నీళ్లన్నీ నీ చెట్లకే పెట్టుకో.”

“నిజంగానా?” అన్నాడు మామ. ఆ పెద్దమనిషి గొంతు పసిపిల్లాడి గొంతులా వినబడింది. ఆ గంటలోనే బోరు నీళ్లు చీనీ పాదుల్లోకి మళ్లాయి.

కోతనాడు పొద్దున మబ్బు పట్టింది. మంచు ఆరదు. తడి ఆకు కోయకూడదు, ఎండ ముదిరాక కోసినా వాసన పోతుంది. అత్త కొడవలి చేత్తో పట్టుకుని మడి చుట్టూ తిరుగుతూ ఆకాశాన్ని తిడుతోంది, బతిమాలుతోంది. తెల్లని చిన్న పూలు అక్కడక్కడా విచ్చుకుని ఉన్నాయి. ఇంకో రోజు ఆగినా మించిపోతుంది. అలా ఉండగా తూర్పున మబ్బు చీలింది. ఆకు మీద తడి మేం చూస్తుండగానే ఆరిపోయింది. “ఇంక పట్టండి!” అన్నదే తడవు, మామ కూడా కొడవలి పట్టాడు. ఆయన మరువం కోయడం నేను చూడటం అదే మొదలు. మొదటి మొక్కనే కిందికంటా కోసి, ఆమెతో చివాట్లు తిన్నాడు. ఎండ ముదరకముందే మడి అంతా బెత్తెడు మోడులై నిలిచింది. కొట్టం నీడలో ఆ పగలంతా ఆకు వాడనిచ్చి, మరునాడు చిల్లుల పళ్లెం మీద ఆవిరి పట్టాం. తొట్టిలో వేడెక్కిన నీళ్లను మామ చల్లార్చి కడవలతో చీనీ చెట్లకు మోశాడు. ఒక్క చెంబెడు కూడా వృథా పోలేదు.

సాయిబు రెండోసారి వచ్చి, దూదికి చుక్క తడిపి చెవి మడతలో పెట్టుకున్నాడు. టీ తాగాడు. వానల గురించి మాట్లాడాడు. మొదటి వాసన దిగిపోయి అసలు వాసన నిలిచేదాకా చూడాలట. అత్త కూర్చోలేదు, నిలబడలేదు. గుమ్మంలోకి పోయి వస్తోంది, నా చెయ్యి పిసుకుతోంది, “ఏమంటాడో, ఏమంటాడో,” అని ఆయనకు వినబడేలాగే గొణుగుతోంది. చివరికి ఆయన దూది తీసి, ఇంకోసారి చూసి, జాగ్రత్తగా మళ్లీ చెవిలోనే పెట్టుకున్నాడు.

“ఇది నేను ఎత్తుకుంటానక్కా. ఇంకెవురికీ ఇయ్యొద్దు.”

అత్త అరిచిన అరుపుకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురైపోయాయి. నన్ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత మామ కోసం చూస్తే ఆయన అక్కడ లేడు. వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వెళ్లాం. ఎవరూ చెప్పకుండానే కాలవ తిప్పి, మరువం మోడులకు నీళ్లు పెడుతున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు తీశాం. ఒక్కోసారి వాసన తగ్గేది, ఒక్కోసారి సాయిబు మొహం చిట్లించేవాడు. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులో బోరు పూర్తిగా ఎండిపోయింది, మడి పోయింది. చీనీ చెట్లలోనూ సగం పోయాయి. ఆ రోజుల్లో మామ మంచం దిగేవాడు కాదు. అత్త పగిలిన కడవల్లో మట్టి నింపి కొన్ని మరువం కొమ్మలు నాటుకుంది. బియ్యం కడిగిన నీళ్లు, ముఖం కడిగిన నీళ్లు వాటికే. వేసవంతా వాటిని నీడ వెంట జరుపుతూ ఉండేది. పొద్దున్నే ఒక రెమ్మ తుంచి మామ చేతిలో నలిపి, “లెయ్, ఇది బతికే ఉండాది,” అనేది. ఆయన లేచేవాడు. వానలు పడి, కొత్త బోరులో నీళ్లు వచ్చినప్పుడు మడి అంతా ఆ కడవల్లోంచే మళ్లీ పుట్టింది.

ఈ సంగతి పాకి, మా పుట్టింటి వైపు నుంచి ఒకసారి ఆడవాళ్ల గుంపు మరువం చూడటానికి వచ్చింది. శెనక్కాయ పోయి దిగులుతో ఉన్నవాళ్లు. అత్త రెండు రోజులు వాళ్లను మడిలోంచి బయటకు రానివ్వలేదు. నాటడం, కలుపు తీయడం, కోయడం, ఆవిరి పట్టడం, అన్నీ వాళ్ల చేతులతోనే చేయించింది. అందరి అరచేతుల్లోనూ ఆకు నలిపింది. వచ్చినప్పుడు మూగగా ఉన్నవాళ్లు పోయేటప్పటికి ఒకళ్ల మాట ఒకళ్లను విననివ్వకుండా మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరికీ వేరు పట్టిన కొమ్మలు తడి గోనెలో చుట్టి ఇచ్చి, కళ్యాణదుర్గం బస్టాండు దాకా మేమిద్దరం వెళ్లాం. బస్సు ఎక్కించాం. ఒడిలో గోనె మూటలు పెట్టుకుని వాళ్లు కిటికీల దగ్గర సర్దుకున్నారు.

బస్సు కదిలింది. అప్పుడు ఆమెకు ఏదో గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బస్సు పక్కనే పరుగు తీసింది. అరవై ఏళ్ల మనిషి. “నీళ్లు నిలవనీయొద్దండి! మడి వాలుగా కట్టండి! వాలుగా!” అని రెండు చేతులూ ఏటవాలుగా పట్టి చూపిస్తూ పరుగెడుతోంది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకోలేక ఊదలేకపోతున్నాడు. కిటికీలన్నింటిలోంచి ఆడవాళ్లు తలలు బయట పెట్టి, “ఆఁ, వాలుగా! వాలుగా!” అని తిరిగి అరుస్తున్నారు. బస్సు మలుపు తిరిగింది, దుమ్ము లేచింది. ఆ దుమ్ములో ఆమె ఇంకా పరుగెడుతూనే ఉంది, చేతులు రెండూ అలాగే వాలుగా పట్టుకుని.